అమ్మితే తిరిగి రాదు, ఉంచితే వడ్డీ ఆగదు

చేతిలో డబ్బు లేనప్పుడు ‘నాన్న బండి’ భవితవ్యం ఏమిటి?

క్యాంప్ 1 (భిలాయ్): కళాశాల ఫీజుకు గడువు పదిహేను రోజులే ఉంది. చేతిలో ఉన్న సొమ్ము చాలదు. ఇంట్లో అమ్మదగిన వస్తువుల లెక్క చూస్తే ముందుగా కంటపడేది వరండాలో గుడ్డ కప్పి ఉంచిన పాత మోటారు సైకిల్. ఇంటి పెద్ద కొత్తగా పనిలో చేరిన రోజుల్లో కొన్న బండి అది. పిల్లలు పెట్రోలు ట్యాంకు మీద కూర్చుని బడికి వెళ్లింది దాని మీదనే. కొన్న మనిషి ఇప్పుడు లేరు. బండి ఉంది. దానిని అమ్మాలా, వద్దా?

ఉక్కు కర్మాగారాన్ని, దాని చుట్టూ ఉన్న పరిశ్రమలను నమ్ముకుని బతికే కార్మికవాడల్లో ఈ ప్రశ్న తలెత్తినప్పుడు, జవాబు బండి ధరను బట్టి మాత్రమే తేలదు. అప్పు మీద వడ్డీ, రోజూ పనికి వెళ్లే దారి, రిజిస్ట్రేషన్ కాగితం మీద ఉన్న పేరు, గడువుకు మిగిలిన రోజులు, ఇవన్నీ ఆ నిర్ణయంలో పాలుపంచుకుంటాయి. వీటిలో చివరిది మిగిలిన వాటి కంటే బలమైనదని లెక్కలు సూచిస్తున్నాయి.

పట్టాలకు ఇటు, అటు

సోవియట్ యూనియన్ సహకారంతో భిలాయ్‌లో ఉక్కు కర్మాగారం నెలకొల్పేందుకు 1955లో ఒప్పందం కుదిరింది. తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరి 4న నాటి రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్ర ప్రసాద్ ప్రారంభించారు. నిర్మాణ కాలంలో వివిధ రాష్ట్రాల నుంచి తరలివచ్చిన కూలీల బసలుగా వెలసినవే నేటి క్యాంప్ 1, క్యాంప్ 2 ప్రాంతాలు. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి వచ్చిన తెలుగు కుటుంబాలు వీటిలో గణనీయంగా స్థిరపడ్డాయి. అప్పటి మధ్యప్రదేశ్‌లో ఉన్న ఈ పట్టణం 2000 నవంబర్ 1న ఏర్పడిన ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలోకి వచ్చింది.

రైలు మార్గానికి ఒక వైపు క్యాంపులు, మరో వైపు కర్మాగారం, దాని సెక్టార్లు ఉన్నాయి. కర్మాగారం మూడు షిఫ్టులలో నడుస్తుంది. రాత్రి షిఫ్టుకు వెళ్లేవారికి, వేకువన తిరిగి వచ్చేవారికి సొంత వాహనం విలాసం కాదు, పనిముట్టు. కర్మాగారంలో శాశ్వత ఉద్యోగికి నెల జీతం ఖాయం. కాంట్రాక్టు కార్మికుడికి ఆ భరోసా లేదు. ఈ అనిశ్చితి నిన్న మొన్నటిది కాదు. భిలాయ్ పరిశ్రమల్లోని కాంట్రాక్టు కార్మికుల హక్కుల కోసం ఉద్యమించిన శంకర్ గుహా నియోగి 1991 సెప్టెంబర్ 28న ఈ పట్టణంలోనే హత్యకు గురైన విషయం విదితమే.

ఆదాయం నిలకడగా లేని ఇంట్లో కొన్న ప్రతి వస్తువూ ఒక విధంగా పొదుపే. బంగారం తరువాత ఆ స్థానం అనేక ఇళ్లలో ద్విచక్ర వాహనానిదే.

తుక్కు అనుకున్నది గిరాకీ సరుకైంది

లైసెన్సుల కాలంలో స్కూటరు కోసం పేరు నమోదు చేయించుకుని ఏళ్ల తరబడి నిరీక్షించవలసి వచ్చేది. వాడిన స్కూటరును కొత్తదాని ధర కంటే ఎక్కువకు అమ్ముకున్న రోజులూ ఉన్నాయి. 1980ల మధ్యలో జపాన్ సంస్థల సహకారంతో 100 సి.సి. మోటారు సైకిళ్లు రావడంతో పరిస్థితి మారింది. 1985లో ఎస్కార్ట్స్ సంస్థ యమహా ఆర్‌ఎక్స్ 100ను, హీరో హోండా సంస్థ సీడీ 100ను విపణిలోకి తెచ్చాయి. మొదటిది టూ స్ట్రోక్ బండి. వేగానికి, చప్పుడుకు పేరుపొందింది. రెండవది ఫోర్ స్ట్రోక్. తక్కువ పెట్రోలుతో ఎక్కువ దూరం నడుస్తుందన్న పేరు తెచ్చుకుంది.

కాలక్రమంలో పెట్రోలు పొదుపే గెలిచింది. ఆర్‌ఎక్స్ 100 ఉత్పత్తి 1996లో నిలిచిపోయింది. జావా, యెజ్డీ బండ్లు తయారుచేసిన మైసూరులోని ఐడియల్ జావా కర్మాగారం సైతం అదే సంవత్సరం మూతపడింది. 2000 సంవత్సరంలో కాలుష్య నిబంధనలు కఠినతరం కావడంతో టూ స్ట్రోక్ మోటారు సైకిళ్ల కాలం దాదాపు ముగిసింది. ఆ తరువాత కొన్నేళ్ల పాటు ఈ బండ్లను తుక్కు ధరకు వదిలించుకున్నవారు అనేకులు.

అనంతర కాలంలో గాలి తిరిగింది. ఆ బండ్ల మీద చిన్నతనం గడిపిన తరం సంపాదనపరులై వాటిని వెతుక్కుంటూ రావడంతో ధర పెరిగింది. అసలు విడిభాగాలతో చక్కగా ఉంచిన ఆర్‌ఎక్స్ 100కు లక్ష రూపాయలు దాటి చెబుతున్న సందర్భాలు ఉన్నాయి. జావా పేరుతో 2018లో, యెజ్డీ పేరుతో 2022లో కొత్త బండ్లు మళ్లీ రావడం ఈ మోజుకు నిదర్శనం.

మరోవైపు రోజూ నడిపే సాధారణ బండి సంగతి ఇందుకు భిన్నం. 350 సి.సి. వరకు గల ద్విచక్ర వాహనాలపై జీఎస్‌టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. కొత్త బండి ధర తగ్గితే అదే రకం పాత బండికి పలికే ధర కూడా తగ్గడం సహజం. ఫలితంగా ఒకే ఇంట్లో రెండు బండ్లు ఉంటే, పనికి వెళ్లే బండి విలువ ఏటేటా కరుగుతుండగా, పని లేని పాత బండి విలువ నిలబడటమో పెరగడమో జరుగుతోంది. మమకారం ఎక్కువగా ఉన్న వస్తువే ఎక్కువ ధర పలకడం ఈ సమస్యలోని అసలు చిక్కు.

నాలుగు దారులు, నాలుగు లెక్కలు

ఉదాహరణకు 60 వేల రూపాయలు అవసరమైన ఒక కుటుంబాన్ని తీసుకుంటే, దాని ముందు స్థూలంగా నాలుగు దారులు ఉంటాయి. దిగువ అంకెలు లెక్క తెలియడానికి వేసుకున్నవే. వాటి స్థానంలో ఎవరి అంకెలు వారు వేసుకోవచ్చు.

మొదటిది చేబదులు. నూటికి మూడు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు 1,800, ఏడాదికి 21,600 రూపాయలు వడ్డీ కిందనే పోతుంది. అసలు అలాగే ఉంటుంది. మూడేళ్లు గడిస్తే కట్టిన వడ్డీ 64,800 రూపాయలకు చేరి అసలును మించిపోతుంది.

రెండవది బంగారం తాకట్టు. ఏడాదికి 12 శాతం వడ్డీ అనుకుంటే నెలకు 600 రూపాయలు. రెండున్నర లక్షల రూపాయల లోపు రుణానికి బంగారం విలువలో 85 శాతం వరకు ఇవ్వవచ్చని రిజర్వు బ్యాంకు 2025 జూన్‌లో జారీ చేసిన ఆదేశాలు చెబుతున్నాయి. ఆ లెక్కన 60 వేల రూపాయలకు సుమారు 71 వేల రూపాయల విలువైన నగ ఉంటే సరిపోతుంది.

మూడవది రోజూ నడిపే బండిని అమ్మి, పాత బండి మీద పనికి వెళ్లడం. మమకారం మొగ్గు చూపేది ఈ దారికే. కాని రోజువారీ బండికి 35 వేల రూపాయలు వచ్చినా ఇంకా 25 వేలు లోటు. పైగా నెలకు 650 కిలోమీటర్లు తిరిగే మనిషికి లీటరుకు 65 కిలోమీటర్లు ఇచ్చే బండి మీద 10 లీటర్ల పెట్రోలు సరిపోగా, లీటరుకు 35 కిలోమీటర్లు ఇచ్చే పాత బండికి దాదాపు 18.5 లీటర్లు కావాలి. లీటరు 100 రూపాయల చొప్పున అదనపు ఖర్చు 850 రూపాయలు. టూ స్ట్రోక్ బండికి పెట్రోలులో కలిపే నూనె, మరమ్మతులు దీనికి అదనం. రాత్రి షిఫ్టు వేళ బండి మొరాయిస్తే పోయే రోజు కూలి ఈ లెక్కలో చేరలేదు.

నాలుగవది పాత బండిని అమ్మడం. 80 వేల రూపాయలు వస్తే అవసరం తీరగా 20 వేలు మిగులుతుంది. పనికి అంతరాయం లేదు. వడ్డీ లేదు.

ఈ నాలుగింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే, తాకట్టుకు బంగారం ఉన్న ఇల్లు పాత బండిని ఉంచుకోగలదు. బంగారం లేని ఇల్లు ఉంచుకోదలిస్తే నెలకు 1,800 రూపాయలు చెల్లించాలి. అంటే ఆ జ్ఞాపకానికి ఆ ఇల్లు కడుతున్న అద్దె అది. కట్టగలిగితే తప్పు పట్టవలసింది లేదు. ఎంత కడుతున్నదీ తెలియకుండా కట్టడమే నష్టం.

దేశానికీ తప్పని తాకట్టు

ప్రియమైన వస్తువును కుదువ పెట్టవలసిన అగత్యం దేశానికి సైతం ఎదురైంది. 1991లో విదేశీ మారక ద్రవ్య నిల్వలు అడుగంటినప్పుడు, ప్రభుత్వం 20 టన్నుల బంగారాన్ని స్టేట్ బ్యాంకు ద్వారా స్విట్జర్లాండ్‌కు చెందిన యూబీఎస్ బ్యాంకుకు విక్రయించింది. తిరిగి కొనుగోలు చేసే హక్కును మాత్రం అట్టేపెట్టుకుంది. అనంతరం జూలైలో రిజర్వు బ్యాంకు దాదాపు 47 టన్నుల బంగారాన్ని బ్యాంక్ ఆఫ్ ఇంగ్లాండ్, బ్యాంక్ ఆఫ్ జపాన్‌ల వద్ద తాకట్టు ఉంచి 40 కోట్ల డాలర్ల మేరకు రుణం పొందింది. దేశవ్యాప్తంగా విమర్శలు చెలరేగినప్పటికీ, ఆ రుణాన్ని అదే సంవత్సరం తీర్చివేయడం గమనార్హం. 2009లో అంతర్జాతీయ ద్రవ్యనిధి నుంచి 200 టన్నుల బంగారాన్ని ఇదే రిజర్వు బ్యాంకు కొనుగోలు చేసింది.

పాత మోటారు సైకిల్‌కు ఈ వెసులుబాటు అరుదు. దశాబ్దాల నాటి బండిని తాకట్టు పెట్టుకుని రుణం ఇచ్చే బ్యాంకు దొరకడం కష్టం. బంగారానికి అమ్మకం, తాకట్టు అనే రెండు దారులు ఉండగా, బండికి ఉన్నవి అమ్మడం, ఉంచడం మాత్రమే. అందువల్లనే బండి విషయంలో తప్పటడుగు దిద్దుకోవడం కష్టం.

సొంత వస్తువు ముద్దు

తనదైన వస్తువుకు మనిషి ఎక్కువ విలువ కట్టడం ఆర్థిక శాస్త్రవేత్తల పరిశీలనకు కూడా వచ్చింది. డేనియల్ కానెమన్, జాక్ నెట్ష్, రిచర్డ్ థేలర్‌లు 1990లో ప్రచురించిన పరిశోధనలో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయ విద్యార్థులలో కొందరికి మామూలు కాఫీ కప్పులు ఇచ్చారు. కప్పు చేతికి వచ్చినవారు దానిని అమ్మడానికి అడిగిన ధర, కప్పు లేనివారు కొనడానికి ఇవ్వజూపిన ధర కంటే రెట్టింపునకు పైగా ఉంది. కొద్దిసేపటి క్రితం చేతికి వచ్చిన కప్పు విషయంలోనే ఇంత తేడా ఉంటే, ముప్పయి ఏళ్లు ఇంట్లో ఉన్న బండి సంగతి చెప్పనక్కరలేదు. కానెమన్‌కు 2002లో, థేలర్‌కు 2017లో ఆర్థిక శాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది.

దీని నుంచి ఇంటి అవసరానికి పనికివచ్చే పరీక్ష ఒకటి తీసుకోవచ్చు. ఇదే బండి పొరుగువారి వద్ద ఉండి, చేతిలో 80 వేల రూపాయలు ఉంటే, ఫీజు మానుకుని బండిని కొంటారా? కొనేవారు కాకపోతే, ఉంచుకోవడానికి చెబుతున్న కారణం బండి విలువ కాదు, విడిచిపెట్టలేకపోవడం. కొనే తీరుతామన్న జవాబు వస్తే మమకారం నిజమైనదే. అప్పుడు వెతకవలసింది కొనుగోలుదారును కాదు, తక్కువ వడ్డీకి దొరికే అప్పును.

కాగితం లేని బండికి ధర లేదు

నిర్ణయం అమ్మకం వైపు మొగ్గినా, అనేక సందర్భాల్లో అడ్డం వచ్చేది కాగితం. తండ్రి మరణించిన తరువాత కూడా రిజిస్ట్రేషన్ ఆయన పేరుతోనే ఉండిపోవడం సర్వసాధారణం. మరణం గురించి 30 రోజులలోగా రవాణా కార్యాలయానికి తెలియజేసి, మూడు నెలల లోపు 31వ నంబరు ఫారంతో వారసుని పేరుకు మార్పించుకోవాలని నిబంధనలు నిర్దేశిస్తున్నాయి. మృతుని పేరు మీద ఉన్న బండిని ముందుగా వారసుని పేరుకు మార్చకుండా సక్రమంగా అమ్మడం సాధ్యం కాదు. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఉంటే వారి సమ్మతి కూడా అవసరమవుతుంది. అందులో ఒకరు విశాఖపట్నంలోనో, మరొకరు హైదరాబాద్‌లోనో ఉంటే సంతకాలకే వారాలు పడుతుంది.

సొంత వాహనం రిజిస్ట్రేషన్ 15 ఏళ్ల వరకు చెల్లుతుంది. ఆపైన అయిదేళ్లకు ఒకసారి పునరుద్ధరించుకోవాలి. మోటారు సైకిళ్లకు ఈ రుసుమును 2022 ఏప్రిల్ 1 నుంచి 300 రూపాయల నుంచి 1,000 రూపాయలకు పెంచారు. 20 ఏళ్లు దాటిన వాటికి 2025 ఆగస్టులో 2,000 రూపాయలుగా నిర్ణయించారు. గడువు మీరితే ఆలస్య రుసుము అదనం. 2000 నవంబర్‌కు ముందు కొన్న బండ్లపై మధ్యప్రదేశ్ నంబరు ఉంటుంది. ఎప్పుడో తీర్చిన వాయిదాల అప్పు తాలూకు నమోదు రిజిస్ట్రేషన్ పత్రంలో మిగిలిపోతే, దానిని తొలగించేందుకు 35వ నంబరు ఫారంపై అప్పు ఇచ్చిన సంస్థ సంతకం కావాలి. ఇతర రాష్ట్రం నుంచి వచ్చిన కొనుగోలుదారు బండిని తీసుకువెళ్లాలంటే నిరభ్యంతర పత్రం తప్పనిసరి.

ఇవేవీ చేయని బండిని కొనేవారు ఉండకపోరు. అయితే ఆ శ్రమనంతా లెక్కగట్టి ధరలో కోత విధిస్తారు.

నోటిమాట ప్రమాదం

బండి పరాయివారికి పోకుండా తోటి కార్మికునికో, బంధువుకో ఇచ్చి, డబ్బు చేతికి వచ్చాక తిరిగి కొనుక్కుంటామని మాట తీసుకోవడం మరొక మార్గం. యూబీఎస్ ఒప్పందంలో దేశం చేసింది స్థూలంగా ఇదే. మార్గం మంచిదే. కాని తిరిగి తీసుకునేదే కదా అని రిజిస్ట్రేషన్ మార్చకుండా వదిలేయడంలో ముప్పు ఉంది.

చేతులు మారుతూ పోయినప్పటికీ రిజిస్ట్రేషన్ మారని ఒక కారు ప్రమాదం కేసులో సుప్రీంకోర్టు త్రిసభ్య ధర్మాసనం 2018 ఫిబ్రవరిలో తీర్పు వెలువరించింది. రికార్డులో ఎవరి పేరు ఉంటే చట్టం దృష్టిలో వారే యజమాని అని, పరిహారం బాధ్యత వారిదేనని స్పష్టం చేసింది. బండిని ఏనాడో అమ్మేశానన్న వాదన చెల్లలేదు. 60 వేల రూపాయల అవసరానికి బండి ఇచ్చినవారు, ఎవరో చేసిన ప్రమాదానికి లక్షల రూపాయల పరిహారం చెల్లించవలసిన స్థితి రావచ్చునన్నమాట. కనుక అయినవారికి ఇచ్చినా 29, 30 నంబరు ఫారాలపై సంతకాలు చేసి, అదే రాష్ట్రంలో అమ్మకమైతే 14 రోజులలోగా రవాణా కార్యాలయానికి తెలియజేయాలి. బీమాను కొన్నవారి పేరుకు మార్పించాలి. తిరిగి కొనే షరతును, ధరను వేరే కాగితం మీద రాసుకోవడం ఉభయులకూ క్షేమం.

గడువే అసలు బేరగాడు

పదిహేను రోజులలో డబ్బు కావలసిన ఇంటికి, ఆరు నెలలు ఆగగలిగిన ఇంటికి ఒకే బండి మీద ఒకే ధర రాదు. గుమ్మంలోకి వచ్చిన కొనుగోలుదారుకు ఫీజు గడువు తెలిసిపోతే 80 వేల రూపాయల బండి 50 వేలకు దిగిపోవచ్చు. ఆ 30 వేల నష్టం, నూటికి మూడు రూపాయల వడ్డీతో 60 వేలకు పదహారు నెలల వడ్డీ కంటే ఎక్కువ.

ఇక్కడే అమ్మకానికి, అప్పుకు మధ్య అయిదవ దారి కనిపిస్తుంది. రెండు నెలల కోసం అప్పు తెచ్చి ఫీజు కట్టివేసి, ఆ వ్యవధిలో కాగితాలు సరిచేసుకుని, నిదానంగా మంచి కొనుగోలుదారును చూసుకుంటే వడ్డీ కింద పోయేది 3,600 రూపాయలు. 80 వేలకు అమ్ముడుపోతే, తొందరపడి 50 వేలకు అమ్మినదాని కంటే 26,400 రూపాయలు మిగులుతాయి. అధిక వడ్డీ ఏడాది పాటు మోయడం భారమే. అదే వడ్డీ రెండు నెలల గడువు కొనుక్కోవడానికి ఇచ్చే ధర అయినప్పుడు లాభసాటి. అయితే అమ్మే తేదీని ముందే నిర్ణయించుకుని దానికి కట్టుబడినప్పుడే ఈ లెక్క నిలుస్తుంది. రేపు, మాపు అంటూ వాయిదా వేస్తే ఇది మొదటి దారిలోనే కలిసిపోతుంది. అప్పు పెరుగుతుంది, చివరకు బండీ పోతుంది.

అందువల్ల డబ్బు అవసరం లేని రోజుల్లోనే చేయవలసిన పని ఒకటి ఉంది. అమ్మే ఉద్దేశం ఉన్నా లేకపోయినా తండ్రి పేరు మీది బండిని వారసుల పేరుకు మార్పించి, రిజిస్ట్రేషన్‌ను, బీమాను సజీవంగా ఉంచడం. దీనికయ్యే కొద్ది వేల రూపాయలు వృథా కావు. ఉంచుకుంటే అది నిర్భయంగా రోడ్డెక్కే బండి. అమ్మవలసి వస్తే తగిన ధర పలికే బండి.

అంకెలన్నీ వేసుకున్న తరువాత కూడా మిగిలిపోయేది ఒకటి ఉంటుంది. రిజర్వు బ్యాంకు 1991లో బంగారాన్ని తాకట్టు పెట్టి, 2009లో మళ్లీ కొనగలిగింది. బంగారం ఎక్కడ కొన్నా బంగారమే. ఆర్‌ఎక్స్ 100 కూడా డబ్బుంటే మరొకటి దొరుకుతుంది. కాని దాని ఛాసిస్ నంబరు వేరు, ట్యాంకు మీద పడిన గీతలు వేరు. పాత బండిని అమ్మే ఇల్లు ఈ తేడాను తెలుసుకునే అమ్మాలి. దానిని ఉంచుకునే ఇల్లు నెలనెలా ఎంత చెల్లిస్తున్నదో తెలుసుకునే ఉంచుకోవాలి. ఏ నిర్ణయమైనా గడువు ముంచుకురాక ముందు, ఇంటిల్లిపాదీ కూర్చుని తీసుకున్నదైతే, తరువాత ఒకరినొకరు నిందించుకోవలసిన అవసరం ఉండదు.